చెప్పమ్మా అన్నాను, తల ఎత్తలేదు

డిసెంబరు నెల, మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడ్. యూడైస్ అనే బడుల సమాచార పోర్టల్లో మా బడి వివరాలు ఎక్కించడానికి అదే ఆఖరి రోజు. సర్వర్ మాటిమాటికీ ఆగిపోతోంది. టేబుల్ మీద అడ్మిషన్ రిజిస్టరు, పక్కన కంప్యూటరు, ఫోన్లో మండలాఫీసు నుంచి మెసేజీ మీద మెసేజీ. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని గదిలో పడిన నీడను బట్టి తెలిసింది. తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి. చెప్పులు వరండాలోనే వదిలి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. "చెప్పమ్మా" అన్నాను. నా వేలు రిజిస్టరులో ఏ వరస మీద ఉందో ఆ వరస మీదే ఉంది. తల ఎత్తలేదు.

ఆమె కాసేపు ఆగింది. "ఏం లేదమ్మా, పాప ఎట్టా చదువుతోందో అడిగి పోదామని" అంది. "బాగానే చదువుతోంది" అన్నాను. వెళ్ళిపోయింది. మొత్తం కలిపి నిమిషం కూడా పట్టలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఆ అమ్మాయి బడికి రాలేదు. వారం చూసి కబురు పెడితే, పెళ్ళి చేసేశారని తెలిసింది. పద్నాలుగేళ్ళ పిల్ల. స్త్రీ శిశు సంక్షేమం చూసే ఐసీడీఎస్ వాళ్ళను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేసరికే వేరే జిల్లాకు, అత్తగారింటికి పంపేశారు. ఆ తర్వాత ఫిర్యాదు, విచారణ, కౌన్సెలింగ్ అన్నీ నడిచాయి. ఆ పిల్ల మాత్రం మళ్ళీ మా బడి గడప తొక్కలేదు. ఫిబ్రవరిలో ఒక రోజు సాయంత్రం మా ఆయా బల్లలు తుడుస్తూ చెప్పింది: "ఆ రోజు మీకు చెబుదామనే వచ్చిందమ్మా. వాళ్ళాయనతో మీరు ఒక మాటంటే ఆగుతాడని ఆశపడింది. మీరు తల ఎత్తకపోయేసరికి, పనిలో ఉన్నారులే అని పోయింది."

నేను ఆ నిమిషాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. నేనేమీ కసరలేదు. పొమ్మనలేదు. చెప్పమనే అన్నాను. కానీ నా నోరు రమ్మంటుంటే నా ఒళ్ళు పొమ్మంది, ఆమె నా ఒంటి మాటే నమ్మింది. నమ్మడంలో ఆమె తప్పేమీ లేదు. ఆ క్షణంలో నా మనసు నిజంగానే రిజిస్టరులో ఉంది.

మా బడిలో వార్షికోత్సవానికి పిల్లలకు కూచిపూడి నేర్పడానికి వచ్చే మాస్టారు మొదటి రోజే ఒక శ్లోకం వల్లె వేయిస్తారు. "యతో హస్తస్తతో దృష్టిః, యతో దృష్టిస్తతో మనః" అని. చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి, చూపు ఎటు పోతే మనసు అటు పోవాలి. మనసున్న చోట భావం, భావమున్న చోట రసం. ఏళ్ళ తరబడి పక్క గదిలోంచి ఆ శ్లోకం విన్నాను. అది నాట్యం చేసేవాళ్ళకే అనుకున్నాను. చెయ్యి రిజిస్టరు మీద, చూపు రిజిస్టరు మీద ఉన్న మనిషి మనసు తన మీద లేదని ఆ తల్లికి ఏ శ్లోకమూ రాకుండానే తెలిసింది.

నేను ఇరవై ఏడేళ్ళుగా ప్రభుత్వ బడుల్లో పనిచేస్తున్నాను. అందులో పదకొండేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా. నాయకత్వం, బాడీ లాంగ్వేజ్ గురించి మనకు వినిపించే మాటలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: నాయకుడు ఎలా కనిపించాలి? ఎలా నిలబడాలి, ఎలా నడవాలి, ఎలా చెయ్యి కలపాలి? నా అనుభవంలో ఆ ప్రశ్న పక్కదారి పట్టిస్తుంది. అసలు అడగాల్సింది వేరే ఉంది. నా ముందుకు వచ్చిన మనిషికి, నన్ను చూశాక, నోరు పెగులుతుందా లేదా? ఆ సంగతి తేల్చేది చాలావరకు నా ఒళ్ళే. ఈ వ్యాసమంతా ఆ ఒక్క సంగతి గురించే.

ఆ మరుసటి ఏడాది జిల్లా కేంద్రంలో మాకు మూడు రోజుల నాయకత్వ శిక్షణ పెట్టారు. రెండో రోజు మొత్తం బాడీ లాంగ్వేజ్. స్క్రీను మీద గుండ్రటి బొమ్మ ఒకటి వేశారు: మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతు వాటా 38 శాతం, ముఖమూ శరీరమూ కలిసి 55 శాతం. మీలో చాలామంది ఈ అంకెలు చూసే ఉంటారు. సాఫ్ట్ స్కిల్స్ క్లాసు ఎక్కడ జరిగినా ఈ బొమ్మ ఉంటుంది. నేనూ నోట్సులో రాసుకున్నాను, ఇంటికొచ్చాక మా వారికి కూడా చెప్పాను. ఆయన లెక్కల మాస్టారు. "అయితే నువ్వు పాఠం కన్నడంలో చెప్పినా పిల్లలకు తొంభై మూడు పాళ్ళు అర్థం కావాలి కదా" అన్నారు. దాంతో అనుమానమొచ్చి వెతికి చదివాను.

ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయి. వాటిలో వాడినవి ప్రసంగాలు కావు, విడి మాటలు. ఒక ప్రయోగంలో "మేబీ" అనే ఒక్క మాటను రకరకాల గొంతులతో వినిపించి, రకరకాల ముఖాల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్ళంటే ఇష్టం ఉందా లేదా అని అడిగారు. మాట ఒకటి చెప్పి ముఖం ఇంకొకటి చెబితే జనం దేన్ని నమ్ముతారన్నది అక్కడ తేల్చాలనుకున్న విషయం. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టంగా చెప్పాడు. మాటకు విలువ ఏడు శాతమే అని ఆయన ఎక్కడా అనలేదు.

ఆ అంకెలు పక్కన పెడితే మిగిలే చిన్న విషయం మాత్రం నన్ను పట్టి కుదిపింది. మాటకూ ముఖానికీ పొత్తు కుదరనప్పుడు మనిషి ముఖాన్నే నమ్ముతాడు. అంటే "చెప్పమ్మా" అన్న మాటకూ ఎత్తని తలకూ మధ్య ఆ తల్లి దేన్ని ఎంచుకుందో అదే. శిక్షణలో ఈ చిన్న నిజాన్ని వదిలేసి, పెద్ద అబద్ధాన్ని బొమ్మ గీసి చూపిస్తున్నారు.

ఇంకో స్లైడులో, చేతులు కట్టుకుని ఉన్న మనిషి బొమ్మ కింద ఇలా ఉంది: మనసు మూసుకున్నాడు, వినడానికి సిద్ధంగా లేడు. అప్పుడు నేను ఆ హాలంతా కలియజూశాను. మేం నలభై మంది హెడ్మాస్టర్లం. ముందు వరసలో పై అధికారి కూర్చుని ఉన్నారు. మాలో సగం మందిమి చేతులు కట్టుకునే కూర్చున్నాం. మనసు మూసుకుని కాదు, పెద్దాయన ముందున్నారని. మన బడుల్లో పిల్లలు వినే మొదటి ఆజ్ఞల్లో "చేతులు కట్టుకోండి" ఒకటి. గుడిలో చేతులు కట్టుకుంటాం, గురువు ముందు కట్టుకుంటాం, తాతగారు మాట్లాడుతుంటే కట్టుకుంటాం. ఆ తల్లి కూడా చేతులు కట్టుకునే నిలబడింది. ఆ స్లైడు ప్రకారం ఆమె నా మాట వినడానికి ఇష్టపడనిది. నిజానికి ఆమె ఒళ్ళంతా ఒక్క విన్నపమై నిలబడింది.

కళ్ళలోకి చూడకపోతే అబద్ధం చెబుతున్నట్టేనని కూడా అక్కడ చెప్పారు. "పెద్దవాళ్ళ కళ్ళలోకి చూస్తూ సమాధానం చెబుతావా?" అని తిట్లు తినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఎంతమంది? ఎనిమిదో తరగతి పిల్లవాడు తల దించుకుని "నేను తియ్యలేదు మేడమ్" అంటే, ఆ స్లైడు చదివిన టీచరు వాణ్ణి దొంగ అనుకుంటుంది. ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. పుస్తకంలో చదివిన ఒంటి భాషతో మన పిల్లల్ని, మన జనాన్ని చదివితే అమాయకులు దోషులవుతారు. తల అటూ ఇటూ ఆడిస్తూ మనం చెప్పే "సరే"ను విదేశీ మేనేజర్లు "కాదు" అనుకోవడం హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసే వాళ్ళందరికీ తెలిసిన సంగతే.

ఛాతీ విరుచుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ధైర్యం పెరుగుతుందని మాతో చేయించారు కూడా. నలభై మంది హెడ్మాస్టర్లం అలా నిలబడ్డాం. దీని వెనకున్న 2010 నాటి అధ్యయనంలో పాల్గొన్నది 42 మంది. ఒంట్లో హార్మోన్లు కూడా మారతాయని అందులో రాశారు. 2015లో 200 మందితో వేరే బృందం మళ్ళీ చేసి చూస్తే, మనిషికి కాస్త ధీమాగా అనిపించిన మాట నిజమే గానీ హార్మోన్లలో ఆ మార్పు కనిపించలేదు. మొదటి అధ్యయనం రాసిన ముగ్గురిలో ఒకరు 2016లో, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. తప్పు ఒప్పుకున్న ఆ పరిశోధకురాలి మీద నాకు గౌరవం కలిగింది. కానీ నా అభ్యంతరం హార్మోన్ల దగ్గర లేదు. మా జిల్లాలో బడులకు ఉన్న కష్టం హెడ్మాస్టర్లు ఛాతీ విరుచుకోకపోవడం వల్ల వచ్చింది కాదు. మేం ఇప్పటికే చాలినంత విరుచుకునే ఉన్నాం.

మన ఒంటి భాష ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూడాలి. మా నాన్నగారు చిన్నప్పటి సంగతులు చెప్పేవారు. ఊళ్ళో మోతుబరి ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు కొన్ని కులాల వాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకునేవాళ్ళు. తెలంగాణలో గడీల ముందు "బాంచన్ దొరా, కాల్మొక్త" అన్న మాటతో పాటు ఒళ్ళు కూడా వంగాల్సిందే. వంగిన ఆ నడుములు నిటారుగా లేవడం కోసం 1946 నుంచి 1951 దాకా అక్కడి పల్లెల్లో పోరాటమే నడిచింది. అంటే మనకు వినయం అనిపించే భంగిమల్లో చాలావాటిని ఒకప్పుడు భయం నేర్పింది. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరి చూపు నేల మీద ఉండాలి అన్నది ముందే రాసిపెట్టిన సమాజం మనది. ఆ రాత ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. ప్రభుత్వ ఆఫీసులో అధికారి కుర్చీ మీద పరిచిన తెల్ల టర్కీ తువ్వాలు చూడండి. ఆ తువ్వాలున్న కుర్చీకి ఎదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. పల్లె నుంచి వచ్చిన మనిషి ఆ కుర్చీల్లో కూర్చోవడం ఎప్పుడైనా చూశారా? "కూర్చోండి" అన్నా కూర్చోరు. నోటితో చెప్పిన ఒక్క మాట, వందేళ్ళు ఒంటికి నేర్పినదాన్ని చెరపలేదు.

అందుకే, మన దగ్గర అధికారంలో ఉన్న మనిషి ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నా, ఎదుటివాళ్ళ ఒళ్ళు దానంతటదే ముడుచుకుంటుంది. ఆ ముడి విప్పే బాధ్యత ఎదుటివాళ్ళది కాదు, కుర్చీలో ఉన్నవాళ్ళది. "ధైర్యంగా చెప్పమ్మా" అని వాళ్ళకు సలహా ఇవ్వడం చాలదు. ముందు మనమే లేవాలి.

రివ్యూ మీటింగుల సంగతి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఒక ఏడాది మీటింగులో, పాస్ పర్సెంటేజీ తక్కువున్న హెడ్మాస్టర్లందరినీ లేచి నిలబడమన్నారు. యాభై ఏళ్ళు దాటిన వాళ్ళం, మా దగ్గర చదువుకున్న వాళ్ళు కూడా టీచర్లై కూర్చున్న హాల్లో నిలబడ్డాం. ఒక్కొక్కరినీ కారణం అడిగారు. మా ఊళ్ళో ఆ ఏడాది పొగాకు గ్రేడింగు పనులకు పిల్లల్ని ఎందుకు మాన్పించారో, లెక్కల పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉందో అన్నీ నాకు తెలుసు. నిలబడ్డాక నా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే: "ఈసారి ఇంప్రూవ్ చేస్తాం సార్." నిలబెట్టి అడిగిన ప్రశ్నకు ఎప్పుడూ ఆ జవాబే వస్తుంది. నిజం చెప్పడానికి మనిషికి కాస్త చోటు కావాలి, నిలబెడితే ఆ చోటు ఉండదు.

మర్నాడు బడికి వెళ్ళి నేనేం చేశానో కూడా చెప్పాలి. స్టాఫ్ మీటింగ్ పెట్టి సైన్స్ మాస్టారిని నిలబెట్టి అడిగాను. ఆయన "ఇంప్రూవ్ చేస్తాను మేడమ్" అన్నారు. ఆ మధ్యాహ్నం వరండాలో వెళుతూ చూస్తే, ఆయన క్లాసులో నలుగురు పిల్లలు బెంచీల మీద నిలబడి ఉన్నారు. జిల్లా కేంద్రంలో ఒక గొంతు "లేచి నిలబడండి" అంటే, ఒక్క రోజులో అది మా ఊరి బెంచీ మీదికి చేరింది. ఆ నలుగురు పిల్లలకు ఆ మీటింగు జరిగిందని కూడా తెలియదు. పై అధికారి ఒంటి భాష కింది అధికారికి పాఠ్యపుస్తకం. ఎవరూ నేర్పరు, అందరూ నేర్చుకుంటారు.

దీనికి పూర్తి ఎదురుగా నిలిచే సంఘటన ఒకటి మన నేల మీదే జరిగింది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి పంపిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఇస్రో చైర్మన్ సతీష్ ధవన్. విలేకరులు ఎదురుచూస్తున్నారు. ఆ రోజు ధవన్ తానే ముందు కూర్చుని, మేం విఫలమయ్యాం, నా బృందం మీద నాకు నమ్మకముంది, వచ్చేసారి సాధిస్తాం అన్న అర్థంలో చెప్పారు. ఏడాది తిరగకుండానే 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు విలేకరుల ముందుకు మీరు వెళ్ళండని కలాంను పంపారు. కలాం జీవితాంతం ఎన్నో వేదికల మీద ఈ సంగతి చెప్పుకున్నారు.

దీన్ని అందరూ నాయకత్వ కథగా చెబుతారు. నాకు మాత్రం ఇది ఒంటి కథ. ఆ రెండు రోజుల్లో ధవన్ ఏ మాటలు వాడారన్నదాని కంటే, ఆయన శరీరం ఎక్కడ ఉందన్నదే పెద్ద మాట. ఓడిన రోజు కెమెరాకీ తన మనిషికీ మధ్య ఉంది. గెలిచిన రోజు పక్కకు జరిగింది. ధవన్ చెయ్యి ఎలా ఊపారో, నిటారుగా కూర్చున్నారో లేదో ఎవరికీ గుర్తుండదు, అక్కర్లేదు కూడా. నాయకుడి బాడీ లాంగ్వేజ్‌లో మొదటి అక్షరం భంగిమ కాదు, చోటు. ఎవరి పక్కన, ఎవరి ముందు, ఎవరి వెనక.

చోటు సంగతి మనకు కొత్తదేం కాదు. పడక సీను చూడని తెలుగువాళ్ళు పాత తరంలో ఉండరు. నిద్రలో ఉన్న కృష్ణుడి తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు. కళ్ళు తెరిస్తే ముందు కనబడేది ఎవరో చోటే తేల్చేసింది. రాత్రంతా మేలుకుని నాటకం చూసిన మా నాయనమ్మకు ఏ శిక్షణా లేకుండా అర్థమైన విషయం ఇది.

వేదిక మీది ఒంటి భాష వేరు, గదిలోది వేరు. ఈ తేడా చూడకపోవడం వల్లే చాలా గందరగోళం. 1982 మార్చిలో తెలుగుదేశం పెట్టిన ఎన్.టి. రామారావు చైతన్య రథం మీద నిలబడి నెలల తరబడి ఊరూరా తిరిగారు, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. పాతికవేల మంది మధ్య, మైకు సరిగా వినబడని చోట, పైకెత్తిన ఆ చెయ్యీ, రోడ్డు పక్కన స్నానం, భోజనం, ఖాకీ బట్టలూ, అన్నీ కలిసి ప్రసంగం కంటే ముందే ప్రసంగించాయి. 2003 ఎండల్లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా 1,400 కిలోమీటర్లకు పైగా నడిచారు. నడిచే మనిషి కళ్ళు జనం కళ్ళకు సమాన ఎత్తులో ఉంటాయి, ఆ తేడా రథానికీ నడకకూ ఉంది. ఈ ఇద్దరి రాజకీయాలతో మీకు పేచీ ఉండొచ్చు. ఒంటికున్న బలం మాత్రం కాదనలేం. అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన కెనడీ, నిక్సన్ల 1960 టీవీ చర్చను కూడా అందరూ ఇలాగే ఉదాహరిస్తారు. టీవీలో చూసినవాళ్ళకు కెనడీ, రేడియోలో విన్నవాళ్ళకు నిక్సన్ గెలిచినట్టు అనిపించిందన్న కథకు ఆధారం చాలా బలహీనం. నిక్సన్ ఆసుపత్రి నుంచి లేచి ఎన్నో రోజులు కాలేదు, పాలిపోయి కనిపించాడు అన్నంతవరకే నిజం.

ఇవన్నీ వేల మంది ముందు పనికొచ్చేవి. మనలో చాలామంది నాయకత్వం నడిచేది పదడుగుల గదిలో, ఒకరిద్దరి ముందు. ఆ గదిలో రథం మీది చెయ్యి పనికిరాదు. అక్కడ పనిచేసేవి చాలా చిన్నవి. పెన్ను మూత పెట్టామా లేదా, కుర్చీ కాస్త వాళ్ళ వైపు తిప్పామా లేదా, ఫోను వెలిగితే చూపు అటు పోయిందా లేదా.

నా విషయంలో అన్నిటికంటే పెద్ద చిక్కు నా నొసలు. నాకు తెలియకుండానే ముడిపడుతుంది. కళ్ళజోడు నంబరు మారినప్పుడు కూడా ముడిపడుతుంది. ఒక రోజు ఆఫీసు గది బయట టీచరమ్మ ఒకరు అటెండరును "మేడమ్ మొహం ఎట్టా ఉంది?" అని గుసగుసగా అడగడం విన్నాను. "ఇప్పుడొద్దండి" అన్నాడు అతను. ఆమె వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె ఏం చెప్పాలనుకుందో, ఆ తర్వాత అడిగినా చెప్పలేదు. ఆ పూట నాకు కోపమేమీ లేదు, తలనొప్పి. కానీ నా తలనొప్పికి ఒక మనిషి నోరు మూతపడింది. కింద ఉన్నవాళ్ళు పైవాళ్ళ ముఖాన్ని రోజంతా చదువుతూనే ఉంటారు, ఎందుకంటే వాళ్ళ రోజు దాని మీద ఆధారపడి ఉంటుంది. పైవాళ్ళకు మాత్రం తమ ముఖం తమకు కనబడదు. కోవిడ్ తర్వాత బడులు తెరిచినప్పుడు మాస్కులతో ఉన్నాం కదా, ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు నెలల పాటు నా కళ్ళూ నొసలూ మాత్రమే చూశారు. మాస్కు తీసిన రోజు ఒక పిల్ల "మేడమ్, మీరు నవ్వుతారా!" అంది. నేను మాస్కు వెనక నవ్వుతూనే ఉన్నాను. వాళ్ళకు అందింది మాత్రం ముడిపడిన నొసలే.

ఆ మాట విన్నాక గది మార్చాను. టేబుల్‌ను గోడ వైపు తోసి, కుర్చీని గుమ్మం పక్కకు మార్చాను. ఎవరైనా వస్తే మధ్యలో టేబుల్ అడ్డు లేదు. తువ్వాలు తీసేశాను, అటెండరు రెండుసార్లు మళ్ళీ వేశాడు, మూడోసారి మానేశాడు. పిల్లల తల్లిదండ్రులు వస్తే లేచి నిలబడి వరండాలోకి వెళ్ళి మాట్లాడతాను. వరండాలో అరుగు ఉంది, అక్కడైతే వాళ్ళు కూర్చుంటారు. కుర్చీలో కూర్చోని మనిషి అరుగు మీద హాయిగా కూర్చోవడం చూసి, ఇన్నేళ్ళు ఇది ఎందుకు తోచలేదా అని బాధపడ్డాను. నెలనెలా జరిగే స్టాఫ్ మీటింగులో ఎవరినీ నిలబెట్టను, నేనూ గుండ్రంగా వేసిన బెంచీల్లో ఒకదాని మీద కూర్చుంటాను. చెడ్డ వార్త వింటున్నప్పుడు మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. సిలబస్ పూర్తి కాలేదని ఎవరైనా చెబితే నా మెడ బిగుసుకోవడం నాకే తెలుస్తుంది. అప్పుడు వెంటనే ఏమీ అనను. గ్లాసు తీసి రెండు గుక్కల నీళ్ళు తాగుతాను. ఆ తర్వాతే మాట్లాడతాను.

ఇలాగైతే క్రమశిక్షణ పోతుందని నాతో వాదించిన సహోద్యోగులున్నారు. హెడ్మాస్టరంటే కాస్త భయం ఉండాలి, లేకపోతే ఎవరూ లెక్కచేయరు అంటారు. వాళ్ళ మాట నేను తేలిగ్గా తీసేయను. ఎనిమిది వందల మంది పిల్లలున్న బడిలో, ప్రహరీ గోడ లేని చోట, గొంతు పెంచకుండా రోజు గడవదు. ప్రార్థన సమయంలో నేను ఇప్పటికీ నిటారుగానే నిలబడతాను, అల్లరి పిల్లవాణ్ణి చూసే చూపులో ఇప్పటికీ పదును ఉంటుంది. నేనంటున్నది ఒక్కటే. భయం వల్ల మనకు నిశ్శబ్దం దొరుకుతుంది, సమాచారం దొరకదు. నా గదిలో ఎంత భయం ఉంటే ఊళ్ళో ఏం జరుగుతోందో నాకు అంత ఆలస్యంగా తెలుస్తుంది.

ఆడవాళ్ళకు ఈ తూకం మరీ కష్టం. నా స్థానంలో అంతకుముందున్న హెడ్మాస్టారు నొసలు ముడిస్తే "సారు స్ట్రిక్టు" అన్నారు, నేను ముడిస్తే "గయ్యాళి" అన్నారు. ఆయన వరండాలో కూర్చుంటే "ఎంత సింపులో" అన్నారు, నేను కూర్చుంటే మొదట్లో "ఈమెకు పట్టు లేదు" అన్నారు. కాబట్టి ఆడ అధికారులు బిగుసుకుని కూర్చుంటే నేను తప్పుపట్టను. ఆ బిగువు వెనక ఎన్ని మాటలు పడి ఉంటారో నాకు తెలుసు. మొదటి ఏడాది ఓర్చుకుంటే ఆ మాటలు తగ్గుతాయి అన్నది మాత్రం నా అనుభవం. ఒకసారి పని జరగడం చూశాక జనం ఎక్కడ కూర్చున్నామో పట్టించుకోరు.

పని జరగడం అన్నది ముఖ్యం. ఒంగి ఒంగి పలకరించి, భుజం మీద చెయ్యి వేసి, కళ్ళలో కళ్ళు పెట్టి విని, ఆ తర్వాత అర్జీని చెత్తబుట్టలో వేసే వాళ్ళను కూడా చూశాం. వాళ్ళు చేసే చెడు, తల ఎత్తని నాలాంటి వాళ్ళు చేసేదానికంటే ఎక్కువ. ఒకసారి అలా మోసపోయిన మనిషి ఆ తర్వాత ఏ నవ్వునూ నమ్మదు. అందుకే బాడీ లాంగ్వేజ్‌ను విడిగా, ఒక విద్యలాగా నేర్పడం నాకు ఇష్టం లేదు. వినాలన్న ఉద్దేశం ముందు ఉండాలి. అది ఉన్నా నాలాగా ఒళ్ళు అడ్డుపడేవాళ్ళు ఉంటారు, వాళ్ళు మాత్రం ఒంటిని సరిచేసుకోవాలి.

మొన్న జూన్‌లో బడి తెరిచిన వారానికి ఆ తల్లి మళ్ళీ వచ్చింది. చిన్న కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి. చెప్పులు వరండాలోనే విప్పింది, చేతులు కట్టుకుంది. నేను లేచి బయటికి వెళ్ళాను. అరుగు చూపించాను. తను కూర్చోలేదు. నేను కూర్చున్నా కూర్చోలేదు. సరేనని నేనూ లేచి గోడకు ఆనుకుని ఆమె పక్కనే నిలబడ్డాను. ఎదురుగా గ్రౌండులో పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. ఇద్దరం అటే చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెద్దమ్మాయి ఎలా ఉందని నేను అడిగాను. బిడ్డ పుట్టిందని, బాగా చిక్కిపోయిందని చెప్పింది. ఆ తర్వాత, నా వైపు తిరగకుండానే, "దీనికి కూడా అప్పుడే అనుకుంటున్నారమ్మా ఇంట్లో. మీరొకసారి వచ్చి ఆయనతో మాట్లాడాల" అంది.

ఆయన ఇంట్లో ఎన్నింటికి ఉంటాడని అడిగాను. పొద్దుగూకినాక అంది.